ముందు చిల్లు పూడ్చాలి: కొంకిపురుగులతో రైతుకు రక్తం తగ్గితే ఏం చేయాలి

మందలో ఒక గొర్రె వెనకబడి నడుస్తుంటే కాపరి చేసే మొదటి పని, దాని తల ఒడిసి పట్టుకుని కింది కనురెప్పను బొటనవేలితో లాగి చూడటం. లోపల ఎర్రగా ఉంటే వదిలేస్తాడు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే ‘నట్టలు పట్టాయి’ అంటాడు, సాయంత్రానికల్లా మందు తాగిస్తాడు. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మంద మొత్తానికీ నట్టల మందు పట్టించాలని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కాపరే ఏడాదిగా నాలుగడుగులకు ఆయాసపడుతున్నా తన రెప్ప తాను లాగి చూసుకోడు. ‘వయసు మీద పడింది’ అనుకుంటాడు.

గొర్రె పొట్టలో రక్తం తాగే పురుగు వేరు, మన పేగులో తాగేది వేరు. జరిగేది మాత్రం ఒకటే. మన పేగులో ఆ పని చేసేది కొంకిపురుగు. చెప్పుల్లేకుండా మట్టిలో పనిచేసే ఎవరికైనా ఇది పట్టొచ్చు.

మా పెదనాన్నది బాపట్ల వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న ఇసుక నేల. తోటకూర, గోంగూర, వంగ, మిరపనారు. ఆ నేలల్లో నీళ్లు పైపైనే దొరుకుతాయి. గొయ్యిలా తవ్విన దొరువులోకి దిగి, రెండు కడవలు ముంచుకుని, పైకొచ్చి మడుల మీద చల్లుకుంటూ నడవాలి. తెల్లవారక ముందు మొదలుపెడితే ఎండెక్కేసరికి వంద సార్లు దిగి ఎక్కేవాడు. తడి ఇసుకలో చెప్పు జారుతుంది కాబట్టి ఉత్త కాళ్లే. ఒక ఏడాది దొరువు ఎక్కలేక మధ్యలో కడవలు దింపి కూర్చోవడం మొదలైంది. ఊళ్లో వైద్యం చేసే ఆయన ‘రక్తం తక్కువైంది’ అని టానిక్ రాశాడు, రెండుసార్లు సెలైన్ పెట్టాడు. మూడు సీసాలు తాగినా మార్పు లేదు. చివరికి పరీక్ష చేయిస్తే రక్తంలో హిమోగ్లోబిన్, అంటే హెచ్‌బీ 7.4.

టానిక్‌లో తప్పేమీ లేదు. కుండకు చిల్లు ఉంది, దాన్ని ఎవరూ చూడలేదు, అంతే. ఇక్కడ రాసేదంతా ఆ చిల్లు గురించే: అది ఉందో లేదో ఎలా తెలుస్తుంది, ఎలా పూడ్చాలి, పూడ్చాక కుండ ఎలా నింపాలి, మళ్లీ పడకుండా ఏం చేయాలి. వరస ముఖ్యం. మన ఊళ్లలో చాలామంది నింపడంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

పురుగు ఎలా వస్తుంది

కొంకిపురుగు మనుషుల మలం ద్వారానే తిరుగుతుంది. పురుగు ఉన్న మనిషి ఆరుబయట దొడ్డికి కూర్చుంటే మలంలోని గుడ్లు నేలలో పడతాయి. నీడ, తడి, వెచ్చదనం ఉంటే ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. ఆ పిల్ల వారం పది రోజుల్లో చర్మంలోకి దూరే దశకు వస్తుంది. అనుకూలంగా ఉంటే మూడు నాలుగు వారాలు మట్టిలో కాచుక్కూర్చుంటుంది. కంటికి కనబడదు.

దానిమీద కాలు పడితే పని అయిపోయినట్టే. అయిదు పది నిమిషాలు తాకి ఉంటే చాలు, వేళ్ల సందుల్లోనుంచో పాదం పక్కనుంచో లోపలికి దూరుతుంది. అక్కడినుంచి రక్తంలో పడి ఊపిరితిత్తులకు, దగ్గుతో పాటు గొంతులోకి, గుటకతో పేగులోకి. అక్కడ పెద్దదై గుడ్లు పెట్టడానికి సుమారు అయిదు నుంచి తొమ్మిది వారాలు పడుతుంది. పెరిగిన పురుగు సెంటీమీటరు పొడవు, దారం ముక్కంత సన్నం. కాలి నుంచి పేగుకు ఇంత చుట్టు తిరిగి వస్తుందని మొదట ఎవరికీ తెలీదు. కైరోలో పనిచేసే ఆర్థర్ లూస్ అనే శాస్త్రవేత్త 1898లో ఈ పిల్ల పురుగులున్న నీటిబొట్టు ఒకటి పొరపాటున చేతిమీద ఒలకబోసుకున్నాడు. అక్కడ ఎర్రబడి దురద పెట్టింది. కొన్ని వారాలకు ఆయన మలంలోనే కొంకిపురుగు గుడ్లు కనిపించాయి. అలా తెలిసింది.

రైతులు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది: పశువుల ఎరువు తోలిన చేలో ఇది వస్తుందా? మనుషుల కొంకిపురుగు పేడలో ఉండదు. పెంటదిబ్బ గురించి ఈ విషయంలో భయం అక్కర్లేదు. వానపాములకూ దీనికీ సంబంధమే లేదు.

అన్ని నేలలూ ఒకటి కాదు. ఇసుక పాలు ఎక్కువున్న గుల్ల నేల దీనికి ఇష్టం. తీరంలోని ఇసుక నేలలు, కొబ్బరి, జీడి, అరటి తోటల నీడ, తడి ఆరని కూరగాయల మడులు. నల్లరేగడి ఎండి పగుళ్లిస్తే పిల్ల చస్తుంది. సూటిగా ఎండ తగిలినా చస్తుంది. నిండా నీళ్లు నిలిచిన వరిమడి కూడా దానికి పెద్దగా పడదు. వరి రైతుకు ప్రమాదం ఎక్కువగా గట్టు మీద, కాలవ ఒడ్డున, తుమ్మచెట్టు నీడన. అంటే ఊరివాళ్లు చెంబు పట్టుకుని వెళ్లే చోటు, కూలీలు అన్నం తినడానికి కూర్చునే చోటు.

లెక్క వేసి చూస్తే

ఒక్క పురుగు తాగేది ఎంతని నవ్వేయొచ్చు. కొంకిపురుగుల్లో రెండు రకాలు. నెకేటర్ అనేది రోజుకు సుమారు 0.03 మిల్లీలీటర్లు పోగొడుతుంది, ఆంకైలోస్టోమా అయితే 0.15 నుంచి 0.25 దాకా. తాగడమే కాదు, పేగు గోడను కొరికిన చోట రక్తం గడ్డకట్టకుండా ఒక రసం వదులుతుంది. కాసేపటికి చోటు మారుస్తుంది, పాత గాయం కారుతూనే ఉంటుంది.

తక్కువ తాగే నెకేటర్ పురుగులు వంద ఉన్నాయనుకోండి. రోజుకు 3 మిల్లీలీటర్లు, నెలకు 90. నాలుగు నెలలకు 360, అంటే రక్తదాన శిబిరంలో తీసే ఒక సంచి. ఏడాదికి మూడు సంచులు, అడక్కుండా, పండూ బిస్కెట్ ప్యాకెట్టూ ఇవ్వకుండా. మంచి రక్తం ఒక మిల్లీలీటరులో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది కాబట్టి రోజుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు పోతున్నట్టు. మామూలు తిండినుంచి ఒంటికి పట్టేదే రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు. పోయిన ఇనుములో కొంత పేగే తిరిగి పీల్చుకుంటుంది నిజమే, అయినా జమా ఖర్చులకు పొంతన కుదరదు.

ఇంకో సంగతి. ఈ పురుగు కడుపులో పిల్లల్ని పెట్టి పెరగదు. గుడ్లు బయటికే పోవాలి, మట్టిలోనే పొదగాలి. వంద పురుగులున్నాయంటే వంద పిల్లలు కాలిలోంచో చేతిలోంచో విడివిడిగా దూరాయని అర్థం. ఒక్కో పురుగు ఏడాది నుంచి కొన్నేళ్ల దాకా బతుకుతుంది. అందుకే పొలం మానేసి పట్నంలో కొడుకు దగ్గరికి వచ్చేసినవాళ్లలో కూడా ఇది బయటపడుతుంది. అమ్మానాన్నల్ని హైదరాబాదుకో అమెరికాకో తెచ్చుకున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. డాక్టరు అడక్కపోయినా ‘వీళ్లు నలభై ఏళ్లు ఉత్త కాళ్లతో పొలం చేశారు’ అని మీరే చెప్పండి.

మొదటి మెట్టు: రెప్ప లాగి చూడండి

పగటి వెలుతురులో, గుమ్మం దగ్గర నిలబడి. కింది రెప్పను మెల్లగా లాగితే లోపలి అంచు ఎర్రగా, కండ రంగులో ఉండాలి. పాలిపోయి ఉంటే పక్కన ఆరోగ్యంగా ఉన్న మనిషిది చూసి పోల్చండి. తర్వాత నాలుక, అరచేతి గీతలు, గోళ్లు. చాలాకాలంగా ఇనుము తగ్గితే గోరు చదునై, ఇంకా ముదిరితే చెంచాలా మధ్యలో గుంట పడుతుంది. రెప్ప ఎర్రగా ఉన్నంత మాత్రాన ఏమీ లేదని కాదు, కొద్దిపాటి రక్తహీనత కంటికి దొరకదు.

ఇక ఒంటి కబుర్లు. ఇదివరకు ఆగకుండా చేసిన పనికి ఇప్పుడు ఆగాల్సి రావడం, వంగి లేస్తే కళ్లు తిరగడం, గుండె దడ, పిక్కలు గుంజడం, చీటికీమాటికీ చిరాకు. కొందరికి మట్టి, పచ్చి బియ్యం, బలపం తినాలనిపిస్తుంది. నవ్వులాట కాదు, ఇనుము లోపానికి అదొక గుర్తు. వీటితో పాటు వానాకాలంలో వేళ్ల సందుల్లో గిలగిలలాడించే దురద, చిన్న ఎర్ర పొక్కులు వచ్చి పోయాయా, ఆ తర్వాత పొడిదగ్గు వచ్చిందా, బొడ్డు పైన కడుపులో సన్నగా నొప్పి ఉంటోందా అని గుర్తు చేసుకోండి. నాట్ల సీజన్లో అందరికీ కాళ్లు పాస్తాయి కాబట్టి దురద ఒక్కటే పట్టుకుని ఏమీ తేల్చలేం.

కూర్చున్నా ఆయాసం వస్తున్నా, కాళ్లకు నీరు దిగినా, ఛాతీలో పట్టేసినట్టున్నా, మలం తారులా నల్లగా జిగురుగా పోతున్నా మిగతా మెట్లు పక్కనపెట్టి ఆ రోజే పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. గర్భిణికి ఆయాసం వచ్చినా అంతే.

రెండో మెట్టు: రెండు పరీక్షలు

ఒకటి రక్తానిది. వేలికి గుచ్చి చూసే హెచ్‌బీ పరీక్ష ఏఎన్ఎం దగ్గర, పీహెచ్‌సీలో ఉచితంగానే చేస్తారు. మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12, గర్భిణులకు 11 కంటే తగ్గితే రక్తహీనత. 8 కంటే తగ్గితే, గర్భిణికి 7 కంటే తగ్గితే తీవ్రమైనది. వీలైతే రక్తకణాలన్నీ లెక్కపెట్టే సీబీపీ పరీక్ష చేయించండి. అందులో ఎంసీవీ అనే అంకె 80 కంటే తక్కువుంటే ఎర్రకణాలు చిన్నబోయాయని, చాలావరకు ఇనుము లోపమని సూచన. అదే కాగితంలో ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలు పెరిగి ఉంటే పురుగుల అనుమానం గట్టిపడుతుంది. మన దగ్గర చాలామంది హెచ్‌బీ ఒక్కటి చూసి కాగితం మడిచేస్తారు. ఈసారి ఆ గీత కూడా చూడమని డాక్టరును అడగండి.

రక్తహీనత ఆడవాళ్ల జబ్బనే మాట ఒకటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత ఉంది. మగవాళ్లలోనూ 25 శాతం ఉన్నారు. మగవాడికి నెలసరి లేదు, కాన్పు లేదు. అతనికి రక్తం తగ్గిందంటే ఎక్కడికి పోతోందని అడగాల్సిందే.

రెండోది మల పరీక్ష. ఇక్కడే అందరికీ మొహమాటం. ల్యాబ్‌లో ఇచ్చే డబ్బాలో చెంచాడు చాలు. నీళ్లు, మూత్రం కలవకూడదు. పొద్దున వెళ్లిందే, ఒకటి రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి. రాత్రిది దాచి తేవద్దు, ఎండలో బండి డిక్కీలో పెట్టి రెండు ఊళ్లు తిప్పొద్దు. గుడ్లు చెడిపోయినా పొదిగినా సూక్ష్మదర్శినిలో పోల్చుకోవడం కష్టం. గుడ్లు అన్ని రోజులూ ఒకేలా పడవు కాబట్టి ఒకసారి ‘లేవు’ అని వస్తే నమ్మేయకుండా వేరువేరు రోజుల్లో మూడుసార్లు ఇస్తే నిజం తేలుతుంది. పెదనాన్నకు మొదటిసారి ఏమీ కనబడలేదు. రెండోసారి టెక్నీషియన్ నన్ను పిలిచి చూపించాడు: పల్చటి పారదర్శకమైన పెంకు, లోపల నాలుగు ముద్దలు, కోడిగుడ్డును నాలుగు భాగాలు చేసి తిరిగి మూసినట్టు. చూడ్డానికి అందంగానే ఉంది.

పురుగు దొరికింది కదాని మిగతావి వదిలేయకూడదు. ఒళ్లునొప్పులకు రోజూ మందుల షాపు నుంచి నొప్పి బిళ్లలు తెచ్చి మింగే అలవాటు కూలీల్లో, రైతుల్లో చాలా ఎక్కువ. వాటితో కడుపులో పుండు పడి కూడా రక్తం పోతుంది. మొలలున్నాయా, నెలసరి ఎక్కువగా అవుతోందా అన్నదీ చూడాలి. యాభై దాటినవాళ్లకు, ముఖ్యంగా బరువు తగ్గుతుంటే, పేగుల్లో గడ్డలేమైనా ఉన్నాయేమో డాక్టరు చూడాలి. అందుకే ‘పొలం చేసేవాడు, పురుగులే అయుంటాయి’ అని ఇంట్లో తేల్చుకోవద్దు.

మూడో మెట్టు: చిల్లు పూడ్చడం

మందు పేరు ఆల్బెండజోల్. పెద్దవాళ్లకు 400 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి, నమిలి మింగాలి. కొంకిపురుగుకు ఒక్క డోసు మెబెండజోల్ అంత బాగా పనిచేయదు. ఆల్బెండజోల్ అయినా ఒక్క మాత్రతో అందరికీ పూర్తిగా పోదు, నలుగురిలో ముగ్గురికి పోతుందనుకోండి. పురుగుల భారం ఎక్కువుంటే డాక్టరు వరసగా మూడు రోజులు ఇవ్వొచ్చు.

ఎవరు ఆగాలి? గర్భం మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్లు వేసుకోకూడదు, తర్వాత డాక్టరు ఇస్తారు. మూర్ఛ వచ్చినవాళ్లు, గతంలో ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా, ముందే చెప్పాలి. మెదడులో బద్దెపురుగు తిత్తులుంటే ఈ మందు ఇబ్బంది పెట్టొచ్చు. కాలేయం జబ్బున్నవాళ్లూ అడిగే వేసుకోవాలి. గొర్రెల మందు కూడా ఇదే పేరుతో ఉందని ఆ సీసా ఎత్తి తాగేవాళ్లున్నారు. డోసు వేరు, గాఢత వేరు, తయారీ వేరు. వద్దు.

మాత్ర వేసుకున్న మర్నాడు ‘ఏమీ పడలేదు, పని చేయలేదు’ అనే మాట తప్పకుండా వస్తుంది. ఏలికపాములు పడితే కనబడతాయి, జానెడు ఉంటాయి కాబట్టి. కొంకిపురుగు దారం ముక్కంత, అదీ పేగులోనే చితికిపోతుంది. కనబడకపోవడమే మామూలు. పని చేసిందో లేదో తేల్చేది రెండు మూడు వారాల తర్వాత చేసే మల పరీక్షే.

నాకు చాలాకాలంగా ఉన్న బాధ ఒకటి చెప్పాలి. 2015 నుంచి మన దేశంలో నులిపురుగుల నివారణ దినోత్సవం జరుపుతున్నారు, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న. బడిలో, అంగన్‌వాడీలో పిల్లలకు ఇదే మాత్ర ఇస్తారు. మంచి కార్యక్రమం. కానీ అది 1 నుంచి 19 ఏళ్లవాళ్లకే. ఏలికపాములు, కొరడాపురుగులు పిల్లల్లో ఎక్కువ. కొంకిపురుగు అలా కాదు, వయసుతో పాటు పెరుగుతుంది, మట్టిలో ఎన్నేళ్లు పనిచేస్తే అంత. చేలో ఉన్న నలభై ఏళ్ల మనిషిని ఆ మాత్ర వెతుక్కుంటూ రాదు. తేయాకు కోసేవాళ్లు, గని కార్మికులు వంటి పెద్దవాళ్లకూ మందు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన కూరగాయల రైతు వాళ్లకేమీ తీసిపోడు. కాబట్టి మీరే వెళ్లి అడగాలి. పిల్లలకు మాత్రలిచ్చే రోజున ‘మాకూ పరీక్ష చేసి రాయండమ్మా’ అని ఏఎన్ఎంను అడిగితే ఆ ఏటికి గుర్తుపెట్టుకోవడం తేలిక.

నాలుగో మెట్టు: కుండ నింపడం

పురుగు పోయినా పోయిన ఇనుము తిరిగి రాదు. 1899లో ప్యూర్టో రికోలో పెద్ద తుఫాను వచ్చాక బెయిలీ ఆష్‌ఫర్డ్ అనే అమెరికా సైనిక డాక్టరు దగ్గరికి కాఫీ తోటల కూలీలు గుంపులుగా వచ్చారు, మొహాలు మైనంలా పాలిపోయి. తిండి లేక అనుకుని బాగా తిండి పెట్టాడు, ఇనుము మందూ ఇచ్చాడు. కోలుకోలేదు. చివరికి మలం సూక్ష్మదర్శిని కింద పెడితే కొంకిపురుగు గుడ్లు. పురుగు మందు ఇచ్చాకే వాళ్లకు రంగు తిరిగింది. మా ఊళ్లో మూడు టానిక్ సీసాల కథ అప్పటికే నూటపాతికేళ్ల పాతది.

ఐరన్ బిళ్ల ఎన్ని, ఎన్నాళ్లు అనేది హెచ్‌బీని బట్టి డాక్టరు చెబుతారు. ప్రభుత్వం ఇచ్చే బిళ్లలో 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. మన చేతిలో ఉన్నది సరిగా వేసుకోవడం. పరగడుపున గాని, తిన్న రెండు గంటలకు గాని వేసుకుంటే ఎక్కువ పడుతుంది. నిమ్మరసంతో ఇంకా మంచిది. టీ, కాఫీలకు ముందూ వెనకా గంట దూరం పెట్టండి. పొలంలో ఉదయం తొమ్మిదింటికి ఫ్లాస్కు వస్తుంది కదా, చాలామంది బిళ్ల ఆ టీతోనే వేస్తారు, సగం మందు ఫ్లాస్కులో పోసినట్టే. కాల్షియం బిళ్లలు, గ్యాస్ మందులు కూడా ఒకే పూట కలపొద్దు.

మలం నల్లబడుతుంది. అది ఐరన్ రంగు, కంగారు పడొద్దు. తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే మాత్రం వేరే కథ, పైన చెప్పాను. వికారం, మలబద్ధకం వస్తే మానేయకుండా రాత్రి తిన్నాక వేసుకోండి, లేదా రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని అడగండి. మానేసేవాళ్లే ఎక్కువ. ఒంట్లో కాస్త ఓపిక రాగానే, మూడో వారానికే, బిళ్లల పొట్లం అటక ఎక్కుతుంది. హెచ్‌బీ మామూలుకు వచ్చాక కూడా ఇంకో మూడు నెలలు వాడితేనే ఒంట్లో నిల్వ నిండుతుంది. ఏపుగా ఉందని పైరుకు చివరి తడి మానేస్తామా?

మరీ తక్కువగా ఉన్నవాళ్లకు నరానికి ఐరన్ ఎక్కించడమో రక్తం ఎక్కించడమో ఆసుపత్రిలో నిర్ణయిస్తారు. సెలైన్‌లో ఉప్పు నీళ్లే ఉంటాయి, ఇనుము ఉండదు. తీవ్రమైన రక్తహీనత ఉన్నవాళ్లకు అనవసరంగా ఎక్కిస్తే గుండెకు భారం.

తిండి విషయం క్లుప్తంగా. దానిమ్మ, బీట్‌రూట్ రంగు చూసి మోసపోవద్దు, వాటిలో ఇనుము కొంచెమే. తినేవాళ్లకు వేట కార్జం, ‘నల్ల’ అని వండే మేక రక్తం అన్నిటికంటే బాగా పడతాయి. గర్భిణులు మాత్రం కార్జం ఎక్కువ తినకూడదు. ఆకుకూరలు, పప్పులు, సజ్జలు మంచివే, నిమ్మకాయో ఉసిరో తోడుంటే ఇంకా మంచిది. ఇవన్నీ బిళ్లకు తోడు, బదులు కాదు.

అయిదో మెట్టు: కాలు, చెయ్యి, దొడ్డి

అదే మట్టిలోకి అదే కాళ్లతో దిగితే ఏడాది తిరక్కుండానే పురుగులు మళ్లీ చేరతాయి. అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే, ఎందుకంటే ఇది ఒక్కరి చేతిలో లేదు.

‘చెప్పులు వేసుకోండి’ అని చెప్పిపోవడం తేలిక. చెప్పినవాడు ఎప్పుడైనా వరిమడిలో చెప్పుతో నడిచాడా? రెండో అడుగుకే చెప్పు బురదలో ఉండిపోతుంది. కాబట్టి అయ్యే చోటైనా వేసుకోవాలి. కూరగాయల మడులు, తోటలు, గట్లు, దొడ్డికి వెళ్లే దారి. అక్కడ మడమ దాకా మూసుకునే ప్లాస్టిక్ బూట్లు చాలు. వేళ్ల సందులు తెరిచి ఉండే హవాయి చెప్పు లేనిదానికంటే నయం, అంతే. దొరువులో పెదనాన్నకు బూట్లు కూడా జారాయి. అడుగున గాట్లు లోతుగా ఉన్న జత వెతికి తెస్తే, దిగే మెట్ల దగ్గర రెండు బస్తా పట్టాలు పరిచాక కుదిరింది. నెల రోజులు తిట్టుకున్నాడు.

చేతులు ఎవరికీ గుర్తురావు. కలుపు తీసేటప్పుడు, నారు పీకేటప్పుడు వేళ్లు మణికట్టు దాకా తడి మట్టిలోనే ఉంటాయి. రబ్బరు తొడుగులు ఉక్కపోస్తాయి, నిజమే, కనీసం చెట్ల నీడ ఉన్న మడుల్లో వేసుకోండి. ఆంకైలోస్టోమా నోటి ద్వారా కూడా వస్తుంది కాబట్టి చేలో సద్ది తినేముందు చేతులు సబ్బుతో కడగాలి, మడిలో పీకిన ముల్లంగి కాలవ నీళ్లలో జాడించి కొరకడం మానాలి.

అసలు మూలం దొడ్డి దగ్గరుంది. ఇంట్లో మరుగుదొడ్డి ఉంది, కానీ చేను ఇంటికి రెండు కిలోమీటర్లు. పనివేళ అవసరం వస్తే గట్టే గతి. కూలీలు పదిమంది వచ్చే చేను అయితే చేలో ఒక మూల గుంట మరుగుదొడ్డి కట్టించడం బోరు మోటారు కంటే చవక. అది కుదరదంటే కనీసం నీడలో, పని చేసే మడి పక్కన, కూర్చుని తినే చెట్టు కింద వద్దు. పైపైన మట్టి కప్పితే గుల్ల నేలలో పిల్ల పైకి పాకి వస్తుంది.

రెండు గుంతల మరుగుదొడ్డి ఉన్నవాళ్లు ఒక గుంత నిండితే రెండోదానికి మార్చి, నిండినదాన్ని ఏడాది పైన, వీలైతే రెండేళ్లు కదపకుండా ఉంచాలి. అప్పటికది ఎరువే. సెప్టిక్ ట్యాంకరు వాడు ‘ఊరికే పోస్తా, బలం’ అని చేలో వదిలేస్తానంటే ఒప్పుకోకండి. పొద్దుగూకాక వచ్చి అడుగుతారు, అందుకే చెబుతున్నా. దాంతో మీ కూలీల కాళ్లకు, మీ ఆకుకూరలు కొనేవాళ్ల నోటికి ఒక ఊరి పురుగులన్నీ తెచ్చినట్టవుతుంది.

ఇంట్లో ఒకరికి తేలితే అదే మట్టిలో పనిచేసే మిగతావాళ్లకూ పరీక్ష చేయించండి. మొగుడికి మందు ఇచ్చి పెళ్లాన్ని వదిలేస్తే గట్టు మారదు.

ఆరో మెట్టు: తేదీలు రాసుకోండి

గోడ క్యాలెండర్ మీద మూడు గుర్తులు చాలు. పురుగు మందు వేసుకున్న మూడు వారాలకు మల పరీక్ష. గుడ్లు ఇంకా ఉంటే మందు మళ్లీ. ఐరన్ మొదలుపెట్టిన నాలుగు వారాలకు హెచ్‌బీ. కనీసం ఒక పాయింటు పెరగాలి. పెరగలేదంటే బిళ్లలు సరిగా వేసుకోవడం లేదు, లేదా పురుగులు మిగిలాయి, లేదా రక్తం ఇంకెక్కడో పోతోంది. మూడోది ఏడాదికి, పోయిన సీజన్ ఎప్పుడు మొదలైందో ఆ రోజు, మల పరీక్ష మళ్లీ. ఇసుక నేలలో, నీడ తోటల్లో పనిచేసేవాళ్లు ఆరు నెలలకే చేయించుకుంటే తప్పులేదు.

పెదనాన్నకు మూడో వారం పరీక్షలో ఇంకా గుడ్లు కనిపించాయి, తక్కువగా. మందు మళ్లీ ఇచ్చారు, ఈసారి మూడు రోజులు. నెలకు హెచ్‌బీ 8.6, మూడు నెలలకు 11 దాటింది, ఆరో నెలకు 12.7. ‘పదమూడు కాలేదుగా’ అని బిళ్లలు ఇంకా వాడమన్నారు. పెద్దమ్మకు పరీక్ష చేయిస్తే ఆమెకూ ఉన్నాయి. ఆమె ఎప్పుడూ ఆయాసమని చెప్పలేదు.